పెద్దడాక్టరు పట్టీ

ఎమ్మిగనూరులో ఆ నర్సింగ్ హోముకు బోర్డు మీద ఏదో మంచి పేరే ఉంది. ఆ పేరుతో అడిగితే మాత్రం ఆటోవాళ్లు తల గోక్కుంటారు. 'పెద్దడాక్టరు ఆసుపత్రి' అనాలి. అప్పుడు మారుమాట లేకుండా వాకిట్లో దించిపోతారు. ఆ పెద్దడాక్టరు సేతుమాధవరావు గారు కాలం చేసి చాలా ఏళ్లయింది. హాల్లో గోడ మీద దండ వేసుకుని నవ్వుతున్నారు. ఇప్పుడు వైద్యం చేసేది ఆయన కొడుకు శ్రీశ. పెద్ద చదువే చదివాడు, నిదానస్తుడు, జబ్బును ఇట్టే పట్టేస్తాడు. ఏం లాభం! జనం వచ్చేది ఆయన కోసం కాదు, వాళ్ల నాన్న వదిలిపోయిన బీపీ పట్టీ కోసం.

పెద్దడాక్టరుకు హస్తవాసి ఉండేది. ఆయన చెయ్యి పడితే సగం జబ్బు అక్కడే దిగిపోయేదని పెద్దకడుబూరు మొదలు సి.బెళగల్ దాకా ఎవరినడిగినా చెబుతారు. ఆయన పోయాక ఆ హస్తవాసి ఎక్కడికి పోయిందా అని జనం ఆలోచించి ఆలోచించి, చివరికి ఆయన రోజూ పట్టుకున్న బీపీ పట్టీలో ఉందని తేల్చారు. న్యాయంగా కొడుక్కు రావలసిన ఆస్తి పట్టీకి పోయింది.

అది పాతకాలపు పాదరసం పెట్టె. దాని పట్టీ ఇప్పటి వాటిలా చర్రుమని అతుక్కునే రకం కాదు. పొడుగాటి గుడ్డ. చేతికి చుట్టి చుట్టి, పంచె దోపినట్టు కొసను మడతలోకి దోపాలి. ఒకప్పుడు నీలం రంగని చెబుతారు. ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే పక్కన పాత చింతపండు పెట్టి పోల్చుకోవాలి. ఏటా దసరాకు ఆయుధపూజలో దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. ఆ బొట్లన్నీ ఒకదాని మీద ఒకటి అట్లాగే ఉన్నాయి. ఎందుకంటే ఆ పట్టీని ఎవరూ ఏనాడూ ఉతకలేదు. ఉతికితే హస్తవాసి నీళ్లలో కలిసిపోదూ?

ఆ పట్టీని కట్టే అధికారం ఒక్క కాంపౌండరు బజారికే ఉంది. మీసం మొలిచినప్పుడు పెద్దడాక్టరు దగ్గర పనికి చేరినవాడు, ఇప్పుడు ఆ మీసానికి రంగు వేసుకుంటున్నాడు. సంతలో వంకాయలు ఏరుకుంటున్నా జనం "పట్టీ బజారన్నా" అని పలకరిస్తారు. పట్టీ లేకపోతే బజారి వట్టి బజారి. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

చొక్కా చెయ్యి మీద పట్టీ కడితే అతనికి ఒళ్లు మండుతుంది. "గుడ్డ మీద కడితే గుడ్డకుండే బీపీ సూపిస్తాది. సెయ్యి పైకి మడుసు," అంటాడు. అది పెద్దడాక్టరు నేర్పిన మాటే. ఆయన వేళాకోళానికి అన్నాడో నిజంగా అన్నాడో గానీ, బజారికి మాత్రం అది వేదం.

ఇంకొక ఆనవాయితీ కూడా పెద్దడాక్టరు పెట్టి పోయినదే. రోజూ మొదటి పేషెంటు కన్నా ముందు ఆయా తిమ్మమ్మకు పట్టీ కట్టాలి. ఆమె చెయ్యి బోణీకి మంచిదని ఆయన నమ్మకం. తిమ్మమ్మ హాలు ఊడ్చి, ఫినాయిల్ నీళ్లతో తుడిచి, బకెట్టు బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. బజారి చుట్టి, దోపి, బల్బు ఒత్తుతాడు. పాదరసం ఎక్కి దిగుతుంది. "నీకేం తిమ్మక్కా, రాతిగుండు," అంటాడు. ఆమె నవ్వుతుంది. అప్పుడు తలుపులు తెరుస్తారు.

ఆ రోజు మాత్రం ఆమె నవ్వలేదు. పట్టీ విప్పగానే జబ్బ రుద్దుకుంటూ చూపించింది.

"ఇది సూడు బజారన్నా. నాలుగు దినాలాయ, ఒగటే నవ."

మోచేతికి పైన, పట్టీ చుట్టిన మేర, చిన్న గాజు అద్దినట్టు గుండ్రంగా ఎర్రగా లేచి ఉంది. దాని పక్కనే ఇంకొకటి.

"దోమలు తిమ్మక్కా," అన్నాడు బజారి.

"దోమ కుడితే దద్దు వస్తాది గానీ, ఇట్ల గుండ్రంగా గీత గీసినట్ట వస్తాదా?"

"ఎమ్మిగనూరు దోమలు. వాటికి రాని ఇద్దె ఏముంది," అని పెట్టె మూత వేసేశాడు.

వేసేసి, మందుల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి లాగి, పెన్ను టోపీ ఎడమ చొక్కాచేతిలోకి పోనిచ్చి కసితీరా గోక్కున్నాడు. అతనికీ అక్కడే ఉంది. పట్టీ సరిగ్గా పనిచేస్తుందో లేదోనని రోజూ రాత్రి పెట్టె మూసే ముందు తన చేతికే కట్టి చూసుకుంటాడు మరి. వారం నుంచి పొడుగుచేతుల చొక్కాలు తప్ప వేయడం లేదు. ఇంట్లో భార్య అడిగితే ఆమెకూ దోమలనే చెప్పాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని బతుకు.

మధ్యాహ్నం శ్రీశ పిలిచాడు. గదిలో ఎవరూ లేరు. ఆయన స్టెతస్కోపును మెడలోంచి తీసి, దూదిని స్పిరిట్లో ముంచి దాని బిళ్లను తుడుస్తున్నాడు. ప్రతి పేషెంటుకూ ఆయన అట్లా తుడుస్తుంటే బజారికి చాదస్తంగా తోచేది.

"బజారన్నా, తామర కేసులు చూస్తాండావా? అందరికీ ఎడమచెయ్యే. అందరికీ మోచేతి పైనే."

"దోమలేమో సార్."

"దోమలకు ఎడమచెయ్యి మీదే అంత ప్రేమా?" శ్రీశ నవ్వలేదు. "పట్టీ అన్నా. ఒకరి చెమట, ఒకరి తామర, ఇంకొకరి చర్మానికి రుద్దుతున్నాం. నీళ్ల చెంబయితే ఎంగిలి అని ఎత్తి తాగుతామే, ఇది చర్మానికి ఎంగిలి. ఉతుకు. లేదంటే తీసి పారేయ్. కొత్త మిషన్లు తెచ్చి పెట్టినాను కదా."

కొత్త మిషన్లు రెండు వచ్చిన మాట నిజమే. జనం వాటి మొహం చూడలేదు. "తనంతట తానే ఊదుకుంటాది, తానే సెప్పుకుంటాది, దానికి మన బాధ ఏం తెల్సు?" అని నేతపని చేసే మాదన్న తేల్చిపారేశాడు.

"ఉతికితే హస్తవాసి పోతాది సార్. ఆనక జనం రారు. అమ్మగారిని ఒగ మాట అడుగుదామా?"

ఆ మాట అనగానే శ్రీశ స్వరం సగానికి దిగింది. పులిలాంటి జబ్బులను ఎదిరించే డాక్టరు, తల్లి పేరెత్తితే పిల్లి. అయినా కౌంటరు దాకా వెళ్లాడు. బజారి వెనకాల నిలబడ్డాడు.

అంబాబాయి గారు పై అంతస్తులో ఉంటారు. తెల్లారి స్నానం, మడి, పూజ, భోజనం అయ్యాక కిందికి దిగి కౌంటర్లో పీట వేయించుకుని కూర్చుంటారు. మడిచీర మార్చుకుని దిగుతారు గానీ మనిషి మాత్రం మడి మార్చుకోరు. ఎవరైనా ఆమె బల్ల మీద చెయ్యి ఆనిస్తే, వాళ్లు అటు తిరగగానే తడిగుడ్డ తిరుగుతుంది. చక్కెర పొట్లాన్ని కూడా కడిగి ఆరబెట్టి విప్పే మనిషి. ఫోన్లతో డబ్బు కట్టే స్కానరు వచ్చాక ఆమె ప్రాణం సుఖపడింది. ఎవరినీ ముట్టుకోకుండానే డబ్బు వస్తుంది, వచ్చిందని పెట్టె దానంతట అదే పలుకుతుంది. ఇంత శుభ్రం చూసే మనిషి, ఆ ఒక్క పట్టీ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వరు.

"అమ్మా, ఆ పట్టీ ఒకసారి ఉతికిస్తాము," అన్నాడు శ్రీశ.

ఆమె కొడుకును చూశారు. తర్వాత గోడ మీది పటం వైపు చూశారు.

"అది పట్టీ కాదు శ్రీశా. మీ నాన్న చెయ్యి," అన్నారు.

అంతే. ఆ మాటకు ఏ వైద్యకళాశాలలోనూ జవాబు చెప్పరు. శ్రీశ వెనక్కు తిరిగి తన గదిలోకి పోయాడు. బజారికి హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే ఎడమ జబ్బ చురుక్కుమంది.

మర్నాడు సంత. హాలు కిటకిటలాడుతోంది. శ్రీశ ఆదోనిలో ఎవరికో ఒంట్లో బాగా లేదంటే వెళ్లాడు. ఆయన వచ్చేలోగా అందరికీ బీపీలు చూసి ఉంచడం బజారి పని. అతను ఒక చేతి నుంచి విప్పడం, ఇంకో చేతికి చుట్టడం, బల్బు ఒత్తడం, అంకె కేకేయడం, అంతా మంచి ఊపు మీద సాగుతుండగా మాబు సాబ్ లోపలికి వచ్చాడు.

మాబు సాబ్‌ది ఆదోని. పత్తి మార్కెట్లో దలాలీ చేసి మానుకున్నవాడు. గొంతు మాత్రం మానుకోలేదు. వేలంపాటలో అరిచిన అలవాటు. ఆదోనిలో ఎన్ని ఆసుపత్రులున్నా నెలకొకసారి బస్సెక్కి పట్టీ కోసం ఇక్కడికే వస్తాడు. ఇప్పుడు నెల కాకముందే వచ్చాడు.

"అరె బజారీ! నేను బీపీకి వస్తే ఖుజ్లీ ఇచ్చి పంపినావేమప్పా? ఫ్రీనా?" అని లాల్చీ చెయ్యి భుజం దాకా ఎగలాగాడు. "సూడండి అందరూ! మెడికల్ షాపులో ట్యూబు పూస్తే ఇంత ఉండేది ఇంతయింది. మా ఇంట్లో ఆమెక్కూడా వచ్చె. ఆదోనిలో అంటాండారు, ఆ ఆసుపత్రికి పోతే తామర గ్యారంటీ అని!"

హాల్లో నలుగురైదుగురు తమ ఎడమ జబ్బలను మెల్లగా తడుముకున్నారు. కౌంటర్లో అంబాబాయి గారి ముఖం పాలిపోయింది. భర్త కట్టిన ఆసుపత్రి. ఊరూరా పేరు. ఆ పేరు పక్కన తామర!

సరిగ్గా ఆ వేళకే తిమ్మమ్మ తుడుపుకర్ర పట్టుకుని హాలు మూల నుంచి వస్తూ, పాపం, ఆగి, జబ్బ గోక్కుంది.

"అదిగో," అన్నారు అంబాబాయి గారు. లేచి నిలబడ్డారు. "తిమ్మమ్మా, చెయ్యి చూపించు. చూసినారా? ఎక్కడెక్కడో తిరిగి తగిలించుకుని వచ్చి, ఆసుపత్రంతా పూస్తాంది. రేపటి నుంచి రావద్దు. ఇప్పుడే పో."

"నేనామ్మా?" అంది తిమ్మమ్మ.

అని, అంబాబాయి గారిని కాదు, బజారిని చూసింది. నాలుగు దినాల నవ గురించి మొదట చెప్పుకున్నది అతనికే కదా. దోమలని కొట్టిపారేసింది అతనే కదా. ఆ జబ్బకు రోజూ పట్టీ కట్టిందీ అతనే. ఒక్క మాట అంటే చాలు.

బజారి పట్టీ చుట్టడంలో మునిగిపోయాడు. దోపిన కొసను విప్పి మళ్లీ దోపాడు. తలెత్తలేదు. తన చొక్కా చేతి కింద తామర కూడా ఊపిరి బిగపట్టుకున్నట్టు ఉంది. మాట్లాడితే పట్టీ పోతుంది, పట్టీతో తను పోతాడు.

తిమ్మమ్మ తుడుపుకర్రను పిండి మేకుకు తగిలించింది. మురికినీళ్లు పారబోసి బకెట్టు బోర్లించింది. వెనక తలుపు దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపారని హాల్లో సగం మందికి తెలుసు. అయినా దుత్త తరఫున ఎవరు మాట్లాడతారు?

శ్రీశ వచ్చి సంగతి విని గొంతు పెంచాడు. అంతవరకు ఆ ఇంట్లో ఆయన గొంతు పెరగడం ఎవరూ వినలేదు. అంబాబాయి గారు మాత్రం, "నువ్వు జబ్బులు చూడు. మనుషుల్ని నేను చూస్తాను," అని పైకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన బజారిని చూసిన చూపు ఉంది చూడండి, దానికన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది. బజారి సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "ఏమయింది?" అంది భార్య. "దోమలు," అన్నాడు.

మర్నాడు బోణీ లేదు.

హాలు ఊడ్చేవాళ్లు లేక బజారే ఊడ్చాడు. ఊడ్చిన దుమ్మును ఎక్కడ పారేయాలో తెలియక బెంచీ కిందికి తోశాడు. ఫినాయిల్ ఎక్కువ పోసి అందరినీ దగ్గించాడు. తలుపు తీయగానే ముందుగా మాదన్న వచ్చి స్టూలు మీద కూర్చుని, మళ్లీ లేచాడు.

"తిమ్మక్క లేకుండా బోణీ యెట్లప్పా? నాకొద్దు. ఇంగెవరికైనా కట్టు, ఆనక నేను కూచుంటా."

ఇంకెవరూ కూర్చోలేదు. నిన్న రేపిన గొడవ ఎందాకా వచ్చిందో చూద్దామని మాబు సాబ్ కూడా మళ్లీ ఆదోని బస్సెక్కి వచ్చాడు. అతనూ, "నేను ఇయాల వట్టి ఆడియన్స్," అన్నాడు. బజారి పెట్టె ముందు పెట్టుకుని, పూజారి లేని గుళ్లో దేవుడిలా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది తిమ్మమ్మ. వెనక తలుపు నుంచి కాదు, ముందు వాకిట్లోంచి. ఇస్త్రీ చీర, తలలో పూలు. కౌంటరు ముందు ఆగి, ఫోను స్కానరుకు చూపించింది. పెట్టె పలికింది. అంబాబాయి గారు పలకలేదు. తిమ్మమ్మ నేరుగా వచ్చి, రోజూ కూర్చునే స్టూలు మీదే కూర్చుంది. కాకపోతే రోజూలా ఒదిగి కాదు, డబ్బు కట్టిన మనిషిలా కూర్చుంది.

"ఏం తిమ్మక్కా, ఇట్లొచ్చినావు?" అన్నాడు బజారి.

"బీపీ సూపిచ్చుకోను. పెద్దడాక్టరు పట్టీ కట్టు," అని రవికె చెయ్యి పైకి మడిచి, ఎడమచెయ్యి బల్ల మీద చాపింది. తామర రెండు బిళ్లలూ హాలంతటికీ కనపడుతున్నాయి.

"బజారీ! దానికి కట్టొద్దు!" అంబాబాయి గారు కౌంటర్లోంచే కేకేశారు.

"ఎందుకమ్మా?" తిమ్మమ్మ అటు తిరిగి నెమ్మదిగా అడిగింది. "నాది పట్టీకి అంటుకుంటాదనా?"

"మరి అంటుకోదా?"

"పట్టీకి అంటుకుంటే, పట్టీ నుంచి అంటుకోదా అమ్మా? అంటుకునేదయితే నాకూ దాన్నుంచే అంటుకొని ఉంటాది. అంటుకోనిదయితే ఇప్పుడు కట్టమను. ఏదో ఒగటి సెప్పు, కూచున్నా."

"వాహ్!" అన్నాడు మాబు సాబ్, వేలంపాటలో సరుకు నచ్చినట్టు. ఎవరో అతని తొడ గిల్లి కూర్చోబెట్టారు.

బజారి చేతిలో పట్టీ ఉంది. కడితే ఒక తప్పు, కట్టకపోతే ఇంకో తప్పు. పటంలో పెద్దడాక్టరు నవ్వుతున్నారు. తిమ్మమ్మ అతన్నే చూస్తోంది. నిన్న చూసినట్టే. అతనికి ఒక్కసారిగా ఎంత సిగ్గేసిందంటే, ఆ సిగ్గు ముందు నవ కూడా తెలియకుండా పోయింది.

పట్టీ బల్ల మీద పెట్టాడు. చొక్కా మణికట్టు గుండీ తీశాడు. ఒక మడత, రెండు మడతలు, భుజం దాకా ఎగలాగాడు. వారం రోజులుగా పెన్ను టోపీతో గోకిన తామర ముదిరి, అరచేతి మేర అట్టలు కట్టి ఉంది.

"నాకూ ఉండాది," అన్నాడు బజారి. "తిమ్మక్కకు రాకముందు నుంచే ఉండాది. దోమలు కాదు. నిన్న సెప్పాల్సింది. సెప్పల్యా."

హాలు ఊపిరి తీసుకుంది. మాదన్న లేచి తన చెయ్యి మడిచాడు. ఉంది. సి.బెళగల్ నుంచి వచ్చిన ఆసామి చొక్కానే విప్పేశాడు. ఉంది. ఆడవాళ్లు అటు తిరిగి రవికె చేతుల్లోకి తొంగిచూసుకుని, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. మాబు సాబ్ అందరి చేతులూ తిరిగి చూసి, "నాదే పెద్దది," అని కొంచెం గర్వంగానే ప్రకటించాడు. పెళ్లిలో గాజులు చూపించుకున్నట్టు హాలంతా ఎడమచేతులు లేచి ఉన్నాయి.

లేవని చెయ్యి ఒక్కటే. బజారి చూపు అనుకోకుండానే కౌంటరు వైపు పోయింది. అంబాబాయి గారు ఎప్పుడూ మోచేతుల దాకా రవికె వేస్తారు. ఆమె కుడిచెయ్యి ఎడమ జబ్బను గట్టిగా అదిమిపట్టుకుని ఉంది. నవను గోకకుండా ఆపుకునేవాళ్లు అట్లాగే పట్టుకుంటారు. ఆ పట్టు బజారికి వారం రోజులుగా అలవాటే.

అప్పుడు తట్టింది అతనికి. రోజూ తెల్లారే, ఆమె స్నానానికి పోకముందే, తను పెట్టె పట్టుకుని పైకి వెళ్తాడు. స్నానమయ్యాక అయితే ఆమెను ముట్టుకోకూడదు. వరండాలో దీపం కూడా వేయని మసకలో, రవికె చెయ్యి పైకి జరిపించి పట్టీ కడతాడు. ఆ పట్టీనే తెచ్చి కింద తిమ్మమ్మకు కడతాడు. ఇన్నాళ్లూ బోణీ బోణీ అని మురిసింది నిజానికి బోణీయే కాదు. మొదటి చెయ్యి అమ్మగారిది. తిమ్మమ్మది రెండోది.

ఆ మాట బజారి నాలుక చివరికి వచ్చింది. తిమ్మమ్మ కూడా అటే చూసి, బజారి వైపు తిరిగింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిందా లేదా అన్నంత కొంచెం. బజారి మాట మింగాడు. నిన్న మింగిన మాట లాంటిది కాదు ఇది. ఇది మింగితే గొంతులో గుచ్చుకోలేదు.

అంబాబాయి గారు మెల్లగా కౌంటరు దిగి వచ్చారు. అందరూ పక్కకు ఒదిగి దారిచ్చారు. ఆమె ఎవరినీ చూడలేదు. ఇంతమంది ఒళ్లు తాకిన ఆ పట్టీని, గొట్టాలతో సహా, ఉత్త చేతులతో తీసుకున్నారు. గుండెలకు ఆనించుకుని మెట్లెక్కి పైకి పోయారు.

కాసేపటికి పైనుంచి బట్టలుతికే చప్పుడు వినపడింది. దబ్. దబ్. హాల్లో అందరూ కప్పు వైపు చూస్తున్నారు.

"హస్తవాసి పోతాంది," అన్నాడు మాదన్న.

శ్రీశ గదిలోంచి బయటికి వచ్చి, ఆ చప్పుడు విని, అట్లాగే మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడేమోనని బజారి కంగారుపడ్డాడు. నవ్వుతున్నాడు.

ఇంక బీపీ చూడాలంటే కొత్త మిషనే దిక్కు. బజారి అటక మీంచి డబ్బా దించి విప్పాడు. దూదిని స్పిరిట్లో ముంచి పట్టీ లోపలి వైపు తుడిచి, ఆరిందాకా ఆగి, మొదట మాబు సాబ్‌కు కట్టాడు. మిషను బుర్రుమని ఊదుకుని, పెద్ద అంకె చూపించింది. విప్పి, మళ్లీ దూది తీసుకున్నాడు.

"మళ్లీ యాలప్పా తుడిసేది? ఇప్పుడే తుడిస్తివి కదా," అన్నాడు మాదన్న, స్టూలు మీద కూర్చోబోతూ.

చర్మానికి ఎంగిలి అని, అదనీ ఇదనీ శ్రీశ చెప్పిందంతా చెబుదామని బజారి నోరు తెరిచాడు. హాలును ఒకసారి చూశాడు. వీళ్లకు అది ఎక్కదు. అతనికి మాత్రం ఎక్కిందా? ఇన్నేళ్లు పెద్దడాక్టరు దగ్గర ఊరికే పనిచేశాడా?

"తుడవకుండా కడితే ముందున్నోని బీపీ నీకొస్తాది," అన్నాడు గంభీరంగా.

మాదన్న సగం కూర్చున్నవాడు అట్లాగే ఆగిపోయాడు. మాబు సాబ్ వైపు చూశాడు. మిషను మీద ఇంకా వెలుగుతున్న ఆయన అంకె వైపు చూశాడు.

"బాగా తుడువప్పా! ఇంగో దూది తీసుకో!"

"అరె, నా బీపీకి ఏమయిందప్పా? షాహీ బీపీ!" అని మాబు సాబ్ లేచాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. ఆ పూట వరసలో ఉన్న ప్రతివాడూ మెడ సాచి, తన ముందువాడి అంకె చూసి, బజారి దూది ముంచిందాకా చెయ్యి చాపలేదు. ఒక అవ్వయితే తానే ఇంటి నుంచి గుడ్డముక్క తెచ్చుకుంటానని లేచింది. శ్రీశ తలుపు దగ్గర నిలబడి, తన చదువంతా ఏం చేయలేని పనిని ఒక అబద్ధం చేస్తుంటే, కాదనలేక, అవుననలేక, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ గొడవలో తిమ్మమ్మ ఎప్పుడు వెళ్లిందో ఎవరూ చూడలేదు. కట్టిన డబ్బుకు బీపీ కూడా చూపించుకోలేదు.

మర్నాడు తెల్లారే అలవాటు కొద్దీ బజారి కొత్త మిషను పట్టుకుని మెట్లెక్కాడు. వరండాలో దండెం మీద మడిచీర పక్కన పట్టీ ఆరుతోంది. అతను పోల్చుకోలేకపోయాడు. నీలం రంగు. దసరాల బొట్లన్నీ పోయి, ఆకాశంలా లేత నీలం.

"ముట్టుకోవద్దు. మడిది," అన్నారు అంబాబాయి గారు గుమ్మంలోంచి. "అది ఇంక కిందికి రాదు."

బజారి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆమె పీట మీద కూర్చున్నారు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సబ్బు పెట్టే ముందు ఒకసారి వాసన చూసినాను బజారీ. ఆయన వాసన ఉంటుందని," అన్నారు. "లేదు. ఊరందరి వాసన." దండెం వైపు చూసి, "ఎప్పుడు పోయిందో ఏమో. చూసుకోనే లేదు," అన్నారు.

అంతలో మెట్ల మీద అలికిడి. తిమ్మమ్మ. శ్రీశ తెల్లారకముందే తానే బండి మీద పోయి పిలుచుకొచ్చాడట. ఆమె వరండా అంచున ఆగిపోయింది. ఆ గడప ఇవతలికి ఆమె ఎన్నడూ రాలేదు.

"రా," అన్నారు అంబాబాయి గారు. రవికె చెయ్యి పైకి జరిపారు. తెల్లటి జబ్బ మీద ఎర్రటి బిళ్లలు. చాలా పాతవి, అంచులు నల్లబడినవి. పక్కనే శ్రీశ ఇచ్చిన మందు ట్యూబు. "వెనక వైపు నా చెయ్యి అందదు. నువ్వు పూయి."

తిమ్మమ్మ కదల్లేదు. నిన్న తను మింగిన మాట ఇప్పుడు ఆమె అంటుందేమో అనుకున్నాడు బజారి. అనే హక్కు ఉంది కూడా. ఆమె కుళాయి దగ్గరికి నడిచింది. సబ్బు తీసుకుని వేళ్ల సందులు, మణికట్టు, మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. కొంగుకు తుడుచుకోబోయి, మానుకుని, గాలికి ఆరబెట్టుకుంది. వచ్చి అంబాబాయి గారి వెనక కూర్చుని మందు పూసింది.

"మొన్న తప్పయింది తిమ్మమ్మా," అన్నారు అంబాబాయి గారు ఎదురుగోడ వైపు చూస్తూ.

"ఊఁ," అంది తిమ్మమ్మ. "కదలాకమ్మా. ఈడ ఇంకొకటి ఉండాది."

కిందికి వచ్చాక హాలు ఊడ్చింది. బెంచీ కింద బజారి దాచిన దుమ్మునంతా బయటికి లాగి, అతని ముందే గుట్ట పోసి చూపించింది. తుడిచింది. బకెట్టు బోర్లించింది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. బజారి కొత్త మిషను పట్టీని స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, ఆమె చేతి వైపు వంగాడు. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది.

"నిన్న మాట్లాడినావు, సరే. మొన్న యాడికి పోయింది నీ నోరు?"

దోమల మాట ఈసారి పనికిరాదు. బజారి తల దించుకున్నాడు.

"పో, సెయ్యి కడుక్కొని రాపో ముందు," అంది తిమ్మమ్మ.

పోయాడు. సబ్బు అరిగేలా కడుక్కున్నాడు. తిరిగి వస్తే ఆమె కుడిచెయ్యి చాపి ఉంది. "ఎడమది మానేదాకా ఇదే," అంది. కట్టాడు. మిషను ఊదుకుంది, ఆగింది, అంకె చూపించింది.

"రాతిగుండు తిమ్మక్కా."

"నాదేనా? ముందున్నోళ్లది కాదు కదా?" అంది అనుమానంగా. నిన్నటి మాట ఆమె చెవిన కూడా పడిందన్నమాట.

పైన అంబాబాయి గారికి శ్రీశ వేరే మిషను ఇచ్చేశాడు. ఆమె పట్టీ ఆమెదే, కిందికి రాదు. పొద్దున బజారి పైకి తీసుకుపోయిన మిషనును అక్కడ విప్పనే లేదు.

"ముందు ఎవరూ ల్యారు తిమ్మక్కా," అన్నాడు బజారి. "ఇయాల బోణీ నీదే."

ఆమె నవ్వింది. అతను వెళ్లి తలుపులు తెరిచాడు.